ఉండలు కట్టిన సంగటి

తిరుపతి,
18 జూన్ 1944

వరలక్ష్మమ్మ గారికి ప్రసూనాంబ నమస్కరించి రాస్తున్నది.

నేను ఎవరో మీకు తెలుసు. మీ చెల్లెలు నాగులమ్మ గారు కిందటి కార్తీకంలో విషజ్వరంతో కన్నుమూస్తే, ఈ చైత్రంలో మునిరత్నం గారిని చేసుకుని ఈ ఇంటికి వచ్చినదాన్ని. పెళ్ళికి మీరు రాలేదు. అందుకు నేనేమీ అనుకోలేదు. మీ చోట ఉంటే నేనూ రాకపోదును.

వేసవి సెలవుల్లో మీరొచ్చి మీ చెల్లెలి కూతురు గంగును చూసి, "బిడ్డ చిక్కి సగమైపోయినాది. దసరాకీ ఇట్లే ఉంటే నాతో చిత్తూరికి పిలుచుకుపోతా" అని ఆయనతో చెప్పి వెళ్ళారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. అందుకే ఈ ఉత్తరం.

గంగు రాత్రి పూట తినడం లేదు. పొద్దున చద్ది కూడా సగం వదిలేస్తుంది. దీపాలు పెట్టే వేళకు కంచం ముందు కూర్చుంటుంది, ముద్దను వేలితో పొడిచి చూస్తుంది, లేచిపోతుంది. ఏడేళ్ళ పిల్ల. ఏడిస్తే బుజ్జగించవచ్చు. ఏడవదు. ఆయనా అంతే. పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే ఆ బస్సు తోలి వచ్చి, మసి కడుక్కుని, నాలుగు ముద్దలు మింగి, "బాగుండాది" అని చెయ్యి కడుక్కుంటారు. నాగులమ్మ గారు పోయాక ఐదు నెలలు ఐరాల నుంచి ఆయన మేనత్త సుబ్బులమ్మ వచ్చి వండిపెట్టిందట. అప్పటి నుంచే పిల్లకు తిండి తగ్గిందట.

నాకు వంట రాక కాదు. పన్నెండో ఏట నుంచి పలమనేరులో మా మేనమామ ఎల్లప్ప పూటకూళ్ళ ఇంట్లో పొయ్యి దగ్గరే పెరిగాను. పూటకు అరవై విస్తళ్ళు లేచేవి. వదిలి లేచినవాళ్ళు లేరు. ఇక్కడ ముగ్గురికి వండితే ఇద్దరు వదిలేస్తున్నారు.

ఇంకో మాట, మీకు తప్పుగా తోచవచ్చు కాబట్టి ముందే చెబుతున్నాను. నాకు కోపం రావడం లేదు, బాధా రావడం లేదు. మిగిలింది ఆవుకు పెట్టి గిన్నెలు తోముతాను, మర్నాడు మళ్ళీ వండుతాను.

నాగులమ్మ గారు రాత్రి పూట ఏం వండేవారు, ఎలా వండేవారు? దయచేసి రాయండి. గంగు వెళ్ళిపోతే ఈ ఇంట్లో ఆయనా నేనూ మిగులుతాం. ఇప్పుడు మేం మాట్లాడుకునే నాలుగు మాటలూ ఆ పిల్ల గురించే. ఆ పిల్ల కూడా లేకపోతే ఆయన నన్ను పలమనేరు బస్సెక్కించినా ఆశ్చర్యపోను.

ప్రసూనాంబ


చిత్తూరు,
25 జూన్ 1944

ప్రసూనాంబ గారికి,

మీ ఉత్తరం అందినది. అడిగారు కనుక రాస్తున్నాను.

మా అమ్మ తాయమ్మ ఇంట్లో రాత్రి పూట సంగటే. రేషను నూకల్లో మట్టి ఎక్కువ, మూడుసార్లు గాలించండి. నూకలు మెత్తగా ఉడికాక రాగిపిండి గుట్టగా పోసి, నడుమ కట్టెతో గుంట చేసి, మూత పెట్టి మంట తగ్గించాలి. పచ్చివాసన పోయాక కుండ దించి, రెండు పాదాలతో అదిమి పట్టి, రెండు చేతులా గెలకాలి. భుజాలు నొప్పి పుడితే గాని ఉండలు విరగవు. ఒక్క ఉండ కనిపించినా మా అమ్మ ఆ ముద్దను తిరిగి కుండలో పడేసేది.

దానిలోకి ఉలవచారు. ముందురోజు నానబెట్టిన ఉలవలను ఉడికించి కట్టు వంచుకుని, గుప్పెడు గుగ్గిళ్ళు, జీలకర్ర, తెల్లగడ్డ కలిపి నూరి, చింతపులుసుతో సగమయ్యేదాకా మరిగించండి. తిరగమోతలో పిసినారితనం వద్దు.

ఇక్కడ నేను పాఠం చెప్పే బడిలోనే గంగుకు చోటు అడిగి ఉంచాను. తొందరేమీ లేదు, దసరాకే. నేను ఒక్కదాన్నే ఉంటాను కనుక ఇంట్లో చోటుకు కొదవలేదు.

బాధ రావడం లేదని రాశారు. పిల్ల ముందు ఆ మాట అనకండి.

వరలక్ష్మమ్మ


తిరుపతి,
16 జూలై 1944

వరలక్ష్మమ్మ గారికి నమస్కారాలు.

మీరు రాసినవన్నీ నాకు తెలిసినవే. అయినా కొత్తగా నేర్చుకున్నట్టు మీరు చెప్పిన వరసలోనే చేశాను. మూడు వారాలు చేశాను. సంగటి వెన్నలా వచ్చింది. మా మామ చూసి ఉంటే ఇంకో పది విస్తళ్ళు వేయించేవాడు.

గంగు ముద్దను నాలుగు ముక్కలు చేసి లోపల చూసి, "దీంట్లో ఏమీ లేదు" అంది. ఏముండాల అని అడిగితే ముక్కలన్నీ కంచం అంచుకు నెట్టి లేచిపోయింది. ఆయన "బాగుండాది" అన్నారు. ఆ మాట వింటే నాకు ఇప్పుడు చేతులు ఆడవు. పూటకూళ్ళ ఇంట్లో నచ్చనివాళ్ళు తిట్టేవారు. తిడితే ఏం సరిచెయ్యాలో తెలుస్తుంది.

రెండు సంగతులు మీతో చెప్పాలి. నేను గెలుకుతుంటే ఆయన వంటింటి గడప దగ్గర నిలబడి నా చేతులు చూస్తారు. ఏమైనా కావాలా అంటే, "ఏం లేదు" అని దొడ్లోకి పోతారు. ఒక రోజు వంగి పొయ్యిలో కట్టె ఎగదోసి, తప్పు చేసినవాడిలా చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

రెండోది, ఇంట్లో ఉన్న సంగటి కట్టె. అది నిలబెడితే నా గడ్డానికి వస్తుంది. ఆ పొడుగుతో గెలకలేక నేను వేరేది చేయించుకున్నాను. నాగులమ్మ గారు అంత పొడగరా? పటంలో చూస్తే నా అంతే ఉన్నారు.

గంగు ఇంకా చిక్కింది. పోయిన వారం బడిలో ప్రార్థనప్పుడు కళ్ళు తిరిగి కూర్చుండిపోయిందని పంతులమ్మ చెప్పి పంపింది. మీకు చెప్పకుండా దాస్తే మేలని తెలుసు. దాచడానికి కూడా ఓపిక కావాలి, నాకు లేదు.

ప్రసూనాంబ


చిత్తూరు,
6 ఆగస్టు 1944

ప్రసూనాంబ గారికి,

కట్టె సంగతి నాకు తెలియదు.

మా అమ్మ వానాకాలంలో పులగూర చేసేది. దొరికిన ఆకులన్నీ, గుప్పెడు కందిపప్పు, పచ్చిమిరపకాయలు, చింతపండు ఒకే కుండలో ఉడికించి, నీళ్ళు వంచి, పప్పుగుత్తితో మెత్తగా ఎనపండి. వంచిన నీళ్ళు తిరిగి పోసి, ఎండుమిరపకాయ తిరగమోత పెట్టండి. చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పక్కన ఉంటే పిల్లలు ఇంకో ముద్ద తింటారు. దాంతో కూడా తినకపోతే ఇక వంట విషయంలో నేను చెప్పగలిగింది లేదు.

పిల్ల కళ్ళు తిరిగి పడిందంటే మాటలు కాదు. నులక మంచం అల్లించాను. రెండు పరికిణీలు కుట్టించాను. దసరా దాకా ఆగడం కూడా ఎందుకని ఉంది. మునిరత్నం రోజూ చిత్తూరికి బస్సు తోలుకొచ్చేవాడే. ఏదో ఒక ఉదయం పిల్లను ఎక్కించుకు వస్తే నేను స్టాండులో ఉంటాను.

మీ తప్పని నేను అనడం లేదు. ఎవరి తప్పూ కాదు.

వరలక్ష్మమ్మ


తిరుపతి,
27 ఆగస్టు 1944

వరలక్ష్మమ్మ గారికి,

పులగూర వండాను, ఊరిబిండి దంచాను. ఎవరూ ఇంకో ముద్ద అడగలేదు.

మీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. రెంటిలోనూ "మా అమ్మ" అని ఉంది. నేను అడిగింది నాగులమ్మ గారు ఎలా వండేవారని. ఆ పేరు మీరు ఒక్కసారి కూడా రాయలేదు.

అందుకని పక్కింటి చంద్రకాంతమ్మను అడిగాను. ఆవిడ నవ్వింది. "మీ ఇంట్లో పొగ ఆయప్ప వచ్చినాకనే లేసేదమ్మా. బస్సు దిగేది, తలుపేసేది, ఆ పైన పొగ. పెండ్లయి ఇన్నేండ్లయినా కొత్త జంట మాదిరి తలుపులేసుకుంటారే అని మేం నవ్వుకుంటాంటిమి" అంది. పగలంతా ఇంట్లో ఉన్న ఆడమనిషి మొగుడు వచ్చేదాకా పొయ్యి ఎందుకు వెలిగించదు? అరవై మందికి వండినదాన్ని, నాకు అర్థం కాలేదు.

నిన్న గంగుకు తల దువ్వుతూ అడిగాను.

"అమ్మ వండేటప్పుడు నువ్వు యాడ కూచునేదానివి?"

"అమ్మ ఒళ్ళో."

"నువ్వు ఒళ్ళో కూచుంటే అమ్మ సంగటి ఎట్ల గెలికేది?"

గంగు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి వేళ్ళ సందుల్లోంచి, "చెప్పగూడదు. చిత్తూరు పెద్దమ్మకు అసలే చెప్పగూడదని అనింది అమ్మ" అంది.

ఇక నేనేమీ అడగలేదు. మీరే చెప్పాలి. మీ దగ్గర దాచినది మీకు తెలుసునని నాకు అనిపిస్తోంది, లేకపోతే ఆ కట్టె గురించి ఒక్క ముక్కలో తేల్చేవారు కాదు.

పిల్ల బట్టలు మూట కట్టి ఉంచాను. మీ నుంచి జవాబు రాకపోతే, లేదా మళ్ళీ వంట పద్ధతే వస్తే, ఆయనతో చెప్పి బస్సెక్కిస్తాను. ఎక్కించాక నాకు ఏడుపు వస్తుందో రాదో తెలియదు. రాదేమోనని భయంగా ఉంది.

ప్రసూనాంబ


చిత్తూరు,
3 సెప్టెంబరు 1944

ప్రసూనా,

నిన్ను ఇలా పిలవొచ్చో లేదో అడగకుండానే పిలుస్తున్నాను. ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను. పిల్లల కాపీ పుస్తకాల్లో కొట్టివేతలకు మార్కులు తగ్గించేదాన్ని నేను.

నాలుగేళ్ళ కింద నాగులమ్మ మా ఇంటికి వచ్చింది. నేను బడికి పోయే హడావిడిలో ఉండి, నీళ్ళు చేదిపెట్టమన్నాను. బావి చప్టా పాచి పట్టి ఉంది, కడగాలని రోజూ అనుకుంటూనే ఉన్నాను. జారి కుడి మణికట్టు మీద పడింది. పుత్తూరికి తీసుకుపోయి కట్టు కట్టించుకోవాలని ఈ జిల్లాలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ నెల మా బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. సెలవు పెడితే మాట వస్తుందని, "బెణికింది అంతే" అని, నేనే కోడిగుడ్డు సొనా మినపపిండీ పూసి వెదురుబద్దలు వేసి కట్టాను. మూడు వారాలు అలాగే ఉంచాను. ఇన్‌స్పెక్టరు వచ్చి, మెచ్చుకుని, పోయాడు. ఆ తర్వాత పుత్తూరికి తీసుకుపోయాను.

ఆ పెద్దాయన చెయ్యి పట్టి చూసి, "ఎముక వంకరగా అతుక్కునిందమ్మా. మల్లా ఇరగ్గొట్టి కట్టాల" అన్నాడు. నాగులమ్మ ఒప్పుకోలేదు. "ఏం పరవాలేదు, పని జరుగుతుంది" అని నాతో అంది.

పని జరగలేదు. ఆ చేత్తో గరిటె కూడా నిలవదు, ఇక సంగటి గెలికేది ఎక్కడ? ఎడమ చేత్తో వడ్డించకూడదు కదా, అందుకని నేను వెళ్ళిన రోజుల్లో అన్నీ ముందే విస్తట్లో పెట్టి, తర్వాత నన్ను లోపలికి పిలిచేవాళ్ళు. మొదటి రోజే ముద్దలో ఉండ తగిలింది. మా అమ్మ పెంపకంలో పెరిగిన పిల్ల చేతిలో ఉండ మిగలదు. అది మగవాడి చెయ్యి అని తెలిసింది. తలెత్తి చూస్తే మునిరత్నం ముంజేతి మీద పిండి ఉంది. "బాగుంది" అన్నాను. ఇంకో ముద్ద పెట్టించుకుని తిన్నాను. ప్రతిసారీ అలాగే తిన్నాను.

మగవాడు పొయ్యి దగ్గర కూర్చుంటే వీధిలో నవ్వుతారని తలుపు వేసుకుంటున్నారని అనుకునేదాన్ని. నాకు అసలే చెప్పకూడదని నాగులమ్మ అందని నీ ఉత్తరంలో చదివాకే తెలిసింది. నా కట్టు వల్ల ఆ చెయ్యి పోయిందని నాకు తెలియకూడదనుకుంది. అది నాకు పుత్తూరులోనే తెలుసు. తెలియనట్టు నటించాను. తెలుసునని ఒప్పుకుంటే క్షమించమని అడగాలి. అడగలేకపోయాను.

గంగుకు ఊహ వచ్చినప్పటి నుంచి ఇంటి సంగటి అంటే వాళ్ళ నాయన చేసిందే. నీ సంగటిలో తప్పులేదు. తప్పు లేకపోవడమే పిల్లకు కొత్త. అరవై మందికి వండిన పెళ్ళాం వస్తే, పొయ్యి నేను చూసుకుంటానని ఆ మనిషి ఎట్లా అంటాడు? ఇదంతా తెలిసే నీకు మా అమ్మ పద్ధతులు రాశాను. నువ్వు ఎంత బాగా వండినా పిల్ల తినదని తెలుసు. తినకపోతే నా దగ్గరికి వస్తుందని నులక మంచం అల్లించాను.

ఇది రాశాక నన్ను ఏమనాలో నువ్వే చూసుకో.

వరలక్ష్మమ్మ


తిరుపతి,
17 సెప్టెంబరు 1944

అక్కా,

మీ ఉత్తరం అందిన రోజే జవాబు రాయలేదు. ముందు ఒక పని చెయ్యాలనిపించింది.

ఆ సాయంత్రం పొయ్యి వెలిగించలేదు. నూకలు కడిగి, పిండి కొలిచి, పాత కట్టెను గోడకు ఆనించి పెట్టాను. గంగును ఒళ్ళో కూర్చోబెట్టుకుని వంటింట్లో కూర్చున్నాను. పిల్ల తనంతట రాలేదు, నేనే లాక్కున్నాను. వచ్చాక లేవలేదు.

ఆయన వచ్చి చల్లారిన పొయ్యి చూశారు. "ఒంట్లో బాగలేదా?"

"బాగుండాను. ఈపొద్దు మీరు గెలకండి. మీ చేతి సంగటి తినల్లని ఉండాది."

గోడకు ఆనించిన పాత కట్టెను చూశారు. తర్వాత పిల్లను చూసి, "గంగూ, నువ్వు చెప్పినావా?" అన్నారు.

"నేను చెప్పలే నాయనా. ఆమే కనుక్కునింది."

చేతులు మళ్ళీ కడుక్కుని వచ్చారు. అక్కా, ఆ వంట చూడటం నా వంటి దానికి శిక్ష. నూకలు ఉడకకముందే పిండి పోశారు. గుంట చెయ్యలేదు. ఉప్పు వేసి, వేశానో లేదో అని మళ్ళీ వేశారు. నిప్పుల్లో నాలుగు ఎర్ర ఉల్లిగడ్డలు తొక్కతోనే పడేశారు. నా చేతులు రెండుసార్లు లేచాయి. గంగును గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. గెలకడం మాత్రం, రోజూ బొగ్గు బస్సు నిప్పు రాజెయ్యడానికి గాలిచక్రం తిప్పే చేతులు కదా, కుండ పగులుతుందేమో అనుకున్నాను. అంత గెలికినా ఉండలు ఉండనే ఉన్నాయి.

గంగు ముద్ద విరిచింది. ఒక ఉండ బయటపడింది. దాన్ని కొరికి, లోపల ఉడకని పొడిపిండిని బస్సు పొగలా ఉఫ్ అని ఊదింది. "నాయన బస్సు" అంది. ఇన్ని నెలలుగా ఆ పిల్ల నా వెన్నలాంటి సంగటిలో వెతికింది దాన్ని. రెండు ముద్దలు తింది, కాల్చిన ఎర్రగడ్డలు రెండు తింది, కంచం దగ్గరే నిద్రపోయింది.

ఆయన నన్ను కూర్చోమని విస్తరి వేశారు. నేను తర్వాత తింటానన్నాను. "కూచో" అన్నారు. పూటకూళ్ళ ఇంట్లో అందరూ లేచాక కుండ అడుగున ఉన్నది గీక్కుని నిలబడి తినేదాన్ని. పన్నెండో ఏట నుంచి నన్ను కూర్చోబెట్టి వడ్డించినవాళ్ళు లేరు. ఈయన నా ముద్దలో గుంట చేసి నెయ్యి పోసి, "సాలునా, ఇంకొంచెం పెట్టేదా?" అన్నారు. నాకు ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు. సంగటి ఉప్పగా ఉంది, అది నా ఏడుపు వల్ల కాదు. ఆయన కంగారు పడి, "బాగలేదా?" అన్నారు. బాగలేదు, ఇంకో ముద్ద పెట్టండి అన్నాను. ఆ మనిషి నవ్వడం నేను మొదటిసారి చూశాను.

తర్వాత మీ ఉత్తరం చదివి వినిపించాను. మిమ్మల్ని అడగకుండా చదివాను, తిడితే తిట్టండి. ఆయన అంతా విని, "వదినకు తెలుసని మాకు తెలుసు" అన్నారు. మీరు మొదటిసారి ఉండలున్న సంగటి రెండో ముద్ద పెట్టించుకున్న రోజు, మీరు వెళ్ళాక నాగులమ్మ గారు ఆయనతో అన్నారట: "అక్కకు తెలిసిపోయినాది. ఎప్పుడూ ఏమీ అనొద్దు. వచ్చినప్పుడల్లా కడుపు నిండా పెట్టు, సాలు." గంగుకు చెప్పిన మాట కూడా అందుకే. పిల్ల నోరు జారితే మీరు తినడం మానేస్తారని.

ఇది మీకు తెలియాలని ఆయనే రాయమన్నారు.

గంగును పంపమని మీరు మళ్ళీ అడిగితే పంపుతాను, మాట తప్పను. కానీ పంపాలని లేదు. ఆ మూట విప్పి బట్టలు పెట్టెలో సర్దేశాను. మూట కట్టిన గుడ్డను మసిగుడ్డ చేశాను.

వచ్చే ఆదివారం రండి.

ప్రసూన


చిత్తూరు,
20 సెప్టెంబరు 1944

చెల్లీ ప్రసూనా,

నీ ఉత్తరం బడిలో ఉండగా వచ్చింది. చదివాక పాఠం చెప్పలేక పిల్లలను ఎక్కాలు అప్పజెప్పమన్నాను. పన్నెండో ఎక్కం దగ్గర ఏడ్చాను. పాపం వాళ్ళు ఆపకుండా పదహారు దాకా చెప్పారు. నాగులమ్మ పోయిన రోజు కూడా నేను ఏడవలేదు, నీకు తెలియదు.

గంగు పేరు ఇక్కడి బడిలో వద్దని చెప్పేశాను. పరికిణీలు తెస్తున్నాను. పిల్ల కొంచెం ఒళ్ళు చేస్తే బిగుతవుతాయి, కుట్లు విప్పుకునేలా లోపల బట్ట వదిలించాను.

ఆదివారం మునిరత్నం బస్సులోనే వస్తాను. దారిలో ఆయనతో ఏం మాట్లాడాలో తెలియదు. ఏమీ మాట్లాడనేమో, ఏమీ అనుకోవద్దని ముందే చెప్పు. విస్తరి వేసి పెట్టాక పిలవవద్దు. పొయ్యి వెలిగించేటప్పుడే నన్ను లోపలికి పిలిచి, ఆ పక్కన కూర్చోనివ్వండి. మూడేళ్ళు ఆయన చేతి సంగటి తిన్నాను. ఆయన వండుతుంటే ఒక్కసారి కూడా చూడలేదు.

మీ అక్క,
వరలక్ష్మమ్మ